పొడపత్రి

తాడ్వాయి దాటినంక
రోడ్డు విడిచి లోపలికి రెండు వాగుల దూరం.
మొదటి వాగులో నీళ్లున్నాయి, రెండోదాంట్లో ఇసుకే.
ఈసం బుచ్చక్క కొడవలి కొనతో
పరికిపొద మీద అల్లుకున్న తీగను ఎత్తి పట్టుకుని
"గిదే" అంది.

ఎదురెదురు జంట ఆకులు,
అడుగున లేత నూగు, దూడ చెవి లెక్క.
కొలబద్ద తీశాను. పాత పేపర్ల మధ్య ఒక కొమ్మ ఒత్తాను.
తేదీ రాశాను. అక్షాంశం రాయబోతే
ఫోన్‌లో సిగ్నల్ లేదు.

"రాసుడు తర్వాత. ముందుగాల నములు."

చేదు, దాని వెనకే పసరు, ఆ తర్వాత ఏమీ లేదు.
కొంగుముడి విప్పి బెల్లం ముక్క పెట్టింది.
నోట్లో అది తడిసిన మట్టిపెళ్ల.
కరిగింది గానీ పలకలేదు.
"సచ్చిందా తీపి?" అని నవ్వింది బుచ్చక్క,
పైవరసలో పన్నొకటి లేకుండా.

హనుమకొండ ల్యాబ్‌లో నాకు ముప్పై ఆరు ఎలుకలు.
వాటికి షుగరు మేమే తెప్పించాం, సూదితో.
ఇరవై ఒక్క రోజులు
తోక కొస నుంచి చుక్క చుక్క నెత్తురు.
కషాయం తాగినవాటికి అంకె దిగింది,
గోలీమందు తిన్నవాటికి ఇంకా దిగింది.
మా గైడు తౌటం సారు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
"ఎలుక మనిషి కాదమ్మా" అంటారు.
చదివిన పేపర్లలో మనుషులూ ఉన్నారు,
ఒక జీపులో పట్టేటంత మంది ఒకదాంట్లో,
ఒక బస్సులో పట్టేటంత మంది ఇంకోదాంట్లో.
ప్రతిదాని చివరా అదే మాట,
పెళ్లిపత్రిక మూలకు పసుపు రాసినట్టు:
మరిన్ని పరిశోధనలు అవసరం.

నాలుక సంగతి మటుకు తేలిపోయింది.
తీపి కూర్చునే పీట మీద
ఆకులోని ఆమ్లం ముందే వచ్చి కూర్చుంటుంది.
చక్కెర వస్తుంది, కాసేపు నిలబడుతుంది, పోతుంది.
అరగంట, మహా అయితే గంట.
నెత్తురు సంగతి
పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను.

"ఎంతమందికి ఇచ్చినవక్కా?"
"లెక్కవెట్టలే."
"ఎంతమందికి తగ్గింది?"
"తగ్గినోళ్లు మళ్ల రాలే. తగ్గనోళ్లు గూడ రాలే."
ఈ జవాబును ఏ పట్టికలో వెయ్యాలో
నాకెవరూ నేర్పలేదు.

వాళ్లింటి కాడ నీళ్లు తాగుతూ పైకి చూస్తే
చూర్ల చెక్కిన గోలీల అట్ట, సగం ఖాళీ.
వెనకవైపు ఎవరో పెన్నుతో
ఒక సూర్యుణ్ని, ఒక చంద్రుణ్ని గీశారు.
"నీకూనా?"
"మూడేండ్లాయె. నర్సమ్మ ఇస్తది."
"మరి ఆకు?"
కొడవలిని అదే చూర్ల గుచ్చింది.
"ఆకు నోటికి బుద్ధి చెప్తది.
పెండ్లిల్ల బూరెలు పెడ్తరు గదా,
పోయేముందు రెండాకులు నమిలి పోత.
నెత్తురుకు గోలీయే.
రెండూ ఒక్కపారి కడుపులేసుకుంటే కండ్లు తిరుగుతయ్.
మా ఆడిబిడ్డ గట్లనే పొలంల పడ్డది."

ఆ చివరి మాట కింద రెండు గీతలు గీశాను.
నేను చదివిన ఏ పేపర్లోనూ
ఆ ఆడిబిడ్డ లేదు.

బస్సు కదిలేటప్పుడు ఇంకో ఆకు నోట్లో వేసుకున్నాను,
ఐదు నలభై.
ఒళ్లో పల్లీపట్టీ, గోటితో విరిచిన ముక్కలు.
పస్రాలో ఉత్త పల్లీలు.
గోవిందరావుపేటలో పల్లీలు, అద్దంలోంచి కొట్టిన దుమ్ము.
ములుగు దాటి గట్టమ్మ దగ్గర
డ్రైవర్ స్పీడు తగ్గించి దండం పెట్టుకున్నాడు.
అప్పుడు నాలుక అంచున ఎక్కడో
బెల్లం సన్నగా దగ్గింది.
ఆరు నలభై రెండు.

పక్కసీటు ఆమె ఇదంతా చూస్తనే ఉంది.
"ఏందమ్మా ఆ ఆకు?"
చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.
"మాకూ ఒక నాలుగియ్యి బిడ్డా, నాకు షుగరున్నది."
"గోలీలు వేసుకుంటున్నవా?"
"పొద్దున, మాపున."

పల్లీపట్టీ ముక్క కూడా ఇవ్వలేకపోయాను ఆమెకు.
టేకాకు పొట్లం మడిచి సంచి అడుక్కి తోసేశాను.
హనుమకొండ చౌరస్తా దాకా
ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.